ఇరవై ఏళ్ల సైటు పక్కన ఒక పీఎంపీ

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి సూపర్‌వైజర్‌గా సైటులో దిగినవాణ్ణి. పునాది తవ్వకంలో లెవెల్స్ చూడటం దగ్గర మొదలుపెట్టి, హైదరాబాద్ చుట్టుపక్కల అపార్టుమెంట్లు, ఒక కాలేజీ బ్లాకు, ఆసుపత్రి భవనాల దాకా కట్టించాను. 2020 వచ్చేసరికి నా విజిటింగ్ కార్డు మీద ప్రాజెక్ట్ మేనేజర్ అని ఉండేది. సర్టిఫికెట్ల మాటెత్తితే నవ్వేవాణ్ణి. స్లాబు పోసే రోజు కాంక్రీట్ పంపు ఆగిపోతే ఏ సర్టిఫికెట్ వచ్చి నడిపిస్తుందన్నది నా వాదన. ఆ వాదనలో సగం ఇప్పటికీ వదల్లేదు. మిగతా సగం ఎలా వదిలిందో చెప్తాను.

ఒక పెద్ద ఆసుపత్రి పనికి మా కంపెనీ టెండరు వేసింది. ముఖ్య సిబ్బంది అర్హతల పట్టికలో ప్రాజెక్ట్ మేనేజర్‌కి పదేళ్ల అనుభవంతో పాటు పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ ఉండాలని రాసి ఉంది. అనుభవం నా దగ్గర అడిగినదానికి రెట్టింపు ఉంది. రెండోది లేదు. ప్లానింగ్ సెక్షన్‌లో ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని ప్రిమవేరా అనే షెడ్యూలు సాఫ్ట్‌వేర్‌లో చార్టులు తయారు చేసే ఒకాయనకు అది ఉంది. ఆయన పేరు పెట్టారు, పని వచ్చింది. కాగితం మీద ఆయన మేనేజరు, నేను కన్‌స్ట్రక్షన్ ఇన్‌చార్జి. క్లయింటు మీటింగుల్లో ఆయన మాట్లాడేవాడు, సమాధానాలు మాత్రం నా వైపు తిరిగి అడిగేవాడు. మనిషి మంచివాడే. అయినా నాకు ఒళ్లు మండేది. పీఎంపీకి కూర్చోవాలని నిశ్చయించుకున్నది ఆ మంటతోనే తప్ప జ్ఞానం కోసం కాదు.

అర్హతల దగ్గరే మొదటి చురక తగిలింది. అప్పటి రూళ్ల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టు నడిపిన అనుభవం 36 నెలలు చాలు. మా డిప్లొమా వాళ్లకు 60 నెలలు కావాలి. అదీ గడిచిన 8 ఏళ్లలోనిదై ఉండాలి. ఒకే కాలంలో రెండు సైట్లు చూసినా ఆ నెలలు ఒక్కసారే లెక్క. అంటే నేను నిజంగా పని నేర్చుకున్న మొదటి పన్నెండేళ్లు, వరదలో ఫుటింగ్‌లు మునిగిన ఏడాదితో సహా, వాళ్ల ఫారంలో సున్నా. వీటికి తోడు 35 గంటల శిక్షణ తీసుకున్నట్టు కాగితం చూపించాలి.

ఇక అప్లికేషన్. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది పరీక్ష కాదు, ఈ అప్లికేషనే అంటే చాలామంది ఒప్పుకోరు. ప్రతి ప్రాజెక్టుకూ లక్ష్యం ఏమిటి, నీ పాత్ర ఏమిటి, నువ్వు చేసిన పనులేమిటి, ఫలితం ఏమైంది అని 200 నుంచి 500 పదాల్లో రాయాలి. రాయడానికి కూర్చుంటే ‘సైటు చూసుకున్నాను’ అనే మాట తప్ప ఏమీ రాలేదు. రోజూ ఏం చేసేవాణ్ణి? లేబర్ కాంట్రాక్టర్లతో మాట్లాడేవాణ్ణి, స్టీలు లారీ రాకపోతే ఫోన్లు చేసేవాణ్ణి, ఓనరుకు కోపం వస్తే విని, తగ్గాక పని మొదలుపెట్టించేవాణ్ణి. ఇవన్నీ చేతికి తెలుసు, నోటికి తెలీదు. పాత డైరీలు, రన్నింగ్ బిల్లులు, మీటింగ్ మినిట్స్ ముందేసుకుని కూర్చున్నాక ఒక్కొక్కటీ బయటపడ్డాయి. సంక్రాంతికి పాలమూరు కూలీలు, ఛత్ పూజకు బిహార్ వాళ్లు ఊళ్లకు పోతారని తెలిసి పెద్ద స్లాబులు వాటికి ముందే పడేలా పని జరిపేవాణ్ణి. దాన్ని రిస్క్ ప్లానింగ్ అంటారట. ఇటుక పని అయ్యాక ఓనరుగారి ఇంట్లోవాళ్లు వచ్చి వంటగది గోడ జరపమంటే, ముందు అదనపు ఖర్చు కాగితం మీద వేసి సంతకం పెట్టించుకునేవాణ్ణి. అది మార్పుల నియంత్రణ. ఇరవై ఏళ్ల పనిని చూపించడానికి నాకు మాటలు దొరికింది అప్పుడే. తర్వాత ఇంటర్వ్యూల్లో నేను చెప్పుకున్నది కూడా ఆ ఫారంలో రాసిందే.

డబ్బు తీసుకుని ఈ ఫారం రాసిపెట్టేవాళ్లు ఉన్నారు. మా బ్యాచ్‌లోనే కొందరు అలా రాయించుకున్నారు. ఫీజు కంటే పెద్ద నష్టం అదే అనిపిస్తుంది నాకు.

పంపిన కొన్నాళ్లకు నా అప్లికేషన్ ఆడిట్‌కి ఎంపికైందని మెయిల్ వచ్చింది. అది లాటరీలాంటిది, ఎవరికైనా రావచ్చు. 90 రోజుల గడువులో చదువు కాగితాలు, శిక్షణ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ ప్రాజెక్టుల సంగతి తెలిసినవాళ్లు నేను రాసింది నిజమేనని ధ్రువీకరించాలి. ఒక ప్రాజెక్టుకు అప్పటి మా జనరల్ మేనేజర్‌గారే ఆధారం. ప్రభుత్వ శాఖలో రిటైరై ప్రైవేటులోకి వచ్చినాయన, ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నారు. ఫోన్ చేశాను.

“ఏమయ్యా, ఈ వయసులో నీకు పరీక్షేమిటి? సాగర్ డ్యామ్ కట్టినవాళ్ల దగ్గర ఏ పీఎంపీ ఉంది?” అన్నారు.

“అప్పటికి అది పుట్టలేదు సార్” అన్నాను.

“పుట్టినా వాళ్లకు అక్కర్లేదు” అని, “సరే, ఎక్కడ సంతకం పెట్టాలో పంపించు” అన్నారు.

ఆయన మాట కొంతవరకు నిజమే. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. పీఎంపీ ఇచ్చే సంస్థ పీఎంఐ అమెరికాలో 1969లో మొదలైంది, ఈ సర్టిఫికెట్ 1984లో వచ్చింది. కానీ ఆయన ఒక సంగతి వదిలేశారు. శాఖలో పనిచేసినవాళ్లకు డి కోడ్ అనే పనుల నిబంధనల పుస్తకం ఉంది, ఎంబీ అనే కొలతల పుస్తకం ఉంది, ఏ కొలత ఎవరు రాయాలో, ఎవరు సరిచూడాలో రూళ్లున్నాయి. కాగితంలో ఆయన నన్ను మించిన చాదస్తుడు. ఎంబీలో కొట్టివేత కనబడితే పక్కన సంతకం ఏదని అరిచేవారు. ప్రైవేటు సైట్లలో పెరిగిన మాకు అదేదీ లేదు. వాట్సాప్ గ్రూపే మా డి కోడ్.

శిక్షణ శని, ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో. బ్యాచ్‌లో నేను, ఫార్మా ప్లాంటు నుంచి ఒకావిడ తప్ప అందరూ సాఫ్ట్‌వేర్ పిల్లలే. స్ప్రింట్, బ్యాక్‌లాగ్ అని మాట్లాడుకుంటుంటే మొదట్లో పరాయి ఊళ్లో ఉన్నట్టుండేది. అందులోనూ అప్పటి సిలబస్ ప్రకారం ప్రశ్నల్లో దాదాపు సగం ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేస్తూ, మార్చుకుంటూ పోవడం), హైబ్రిడ్ (పాత, కొత్త పద్ధతుల కలయిక) పద్ధతుల మీద వచ్చేవి. రోజూ ఉదయం పది, పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకోవడాన్ని ఏదో కొత్త విద్యలా చెబుతుంటే, మేం పని మొదలయ్యే ముందు హెల్మెట్లు పెట్టుకుని భద్రత గురించి చెప్పుకునే టూల్‌బాక్స్ టాక్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. మరోవైపు, వాళ్లు సాఫ్ట్‌వేర్‌దని అనుకునే క్రిటికల్ పాత్ పద్ధతి (ఏ పనులు ఆలస్యమైతే మొత్తం గడువు జరుగుతుందో తేల్చే లెక్క) 1950ల చివర్లో డ్యూపాంట్ వాళ్లు రసాయన ఫ్యాక్టరీ పనుల కోసం తయారు చేసుకున్నదని తెలిసినప్పుడు మాత్రం కాస్త ఠీవిగా కూర్చున్నాను. ఆ క్లాసులో అది మా సొంత సొత్తు.

కష్టమంతా ప్రాక్టీస్ ప్రశ్నల దగ్గర. అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయటపెట్టబోమని ఒప్పుకునే రాస్తాం కాబట్టి ప్రాక్టీస్ మాదిరే చెబుతున్నా. ప్రాజెక్టు మధ్యలో ముఖ్యమైన వ్యక్తి ఒకరు మార్పు అడిగారు, మేనేజరు ముందు ఏం చేయాలి? నాలుగు జవాబులూ మంచివిలాగే ఉంటాయి. సైటు బుర్ర ‘వెంటనే చేసిపెట్టు, బిల్లు తర్వాత’ అంటుంది. పరీక్ష ‘ముందు దాని ప్రభావం ఎంతో చూడు’ అంటుంది. ఒక సబ్‌కాంట్రాక్టర్ పని నాసిగా ఉంది, ఏం చేయాలి? నేను ‘మార్చేయి’ అనేవాణ్ణి. వాళ్లు ‘పిలిచి మాట్లాడు, కారణం తెలుసుకో’ అనేవాళ్లు. మా ట్రైనరు “సార్, మీరు సైటు కాసేపు మర్చిపోండి” అని వారం వారం చెప్పేవాడు.

మర్చిపోవడం కుదరలేదు. కానీ ఎందుకు వాళ్ల జవాబు అది అని వాదించుకుంటూ చదివితే ఒకటి అర్థమైంది. ఆ పుస్తకంలోని మేనేజరుకు చేతిలో అధికారం ఉంది, టైము ఉంది, అతను చెప్పింది వినే క్లయింటు ఉన్నాడు. మన దగ్గర లేబర్ కాంట్రాక్టర్‌కి మేనేజరు కంటే ఓనరుగారి డ్రైవరు ఎక్కువ దగ్గర. అంత తేడా ఉన్నా, ‘మార్చేయి’ అన్న నా జవాబులో కొంత కోపమే ఉందని, అనుభవం పేరుతో నేను దాన్ని మోస్తున్నానని కూడా కనబడింది. కొత్త సెంట్రింగ్ ముఠాను తెచ్చి పని పట్టాలెక్కించడానికి ఎన్నాళ్లు పోతాయో నాకంటే ఎవరికి తెలుసు?

తెలుగు మీడియం చదువు కావడంతో పొడవాటి ఇంగ్లిష్ ప్రశ్నలు నన్ను బాగా నలిపాయి. మా అమ్మాయి ఒక చిట్కా చెప్పింది: “నాన్నా, చివరి లైను ముందు చదువు. ఏం అడిగాడో తెలిశాక పైకి వెళ్లు.” వందల ప్రశ్నలు అలా చేశాక చేయి తిరిగింది.

ఫీజు సంగతి. నేను రాసిన 2022లో పీఎంఐ సభ్యులకు 405 డాలర్లు, కానివాళ్లకు 555. సభ్యత్వం, చేరే రుసుము కలిపి 139. కూడితే సభ్యుడిగా చేరి రాయడమే 11 డాలర్లు తక్కువ, పైగా వాళ్ల పుస్తకం పీడీఎఫ్ ఉచితం. రూపాయల్లో 43 వేల దాకా అయింది, శిక్షణ ఖర్చు వేరే. కంపెనీ పైసా ఇవ్వలేదు. పాసయ్యాక మాత్రం టెండరు కాగితాల్లో నా పేరు పెట్టుకోవడానికి సర్టిఫికెట్ కాపీ అదే రోజు అడిగారు.

నేను రాసినప్పుడు పరీక్ష 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. అరవై ప్రశ్నలకోసారి పది నిమిషాల విరామం. సెంటర్లో జేబులు తిప్పి చూపించమన్నారు, వాచీ కూడా లాకర్లో పెట్టించారు. పాస్ మార్కు ఎంతో వాళ్లు చెప్పరు. మనుషులు, ప్రక్రియ, వ్యాపార వాతావరణం అని మూడు భాగాలకు విడివిడిగా ‘లక్ష్యానికి పైన’, ‘లక్ష్యం దగ్గర’ అన్నట్టు ఇస్తారు. పాసయ్యాను. అన్నిటికంటే మంచి ఫలితం వచ్చింది మనుషుల భాగంలో. ట్రైనరు సైటు మర్చిపోమన్నది ఈ భాగం గురించే.

తర్వాత ఏం మారిందో చెప్పాలంటే ఆ ఆసుపత్రి సైటుకే వెళ్లాలి. ఎంఆర్‌ఐ గది డ్రాయింగులు క్లయింటు వైపు నుంచి నెలల తరబడి రాలేదు. మిషను ఎంత బరువో తెలియకుండా కింద స్లాబు ఖాయం చేయలేం, దాన్ని లోపలికి తేవడానికి ఏ గోడలో ఎంత ఖాళీ వదలాలో తెలియకుండా ఇటుక పని మూయలేం. ఇలాంటివి సైట్లలో మామూలే. ఫోన్లో అడుగుతాం, “రేపు పంపిస్తాం సార్” అంటారు. ఏడాది తర్వాత ఆలస్యం లెక్కలు తేల్చేటప్పుడు ఆ ‘రేపు’లకు సాక్ష్యం ఉండదు. పీఎంపీ చదువుతున్న రోజుల్లోనే హిండ్రన్స్ రిజిస్టరు మొదలుపెట్టాను. ఏ డ్రాయింగు ఏ తేదీకి రావాలి, ఎప్పుడు అడిగాం, దానివల్ల ఏ పని ఆగింది, ఆ పని క్రిటికల్ పాత్ మీద ఉందా లేదా అన్నీ అందులో. వారానికోసారి క్లయింటు కన్సల్టెంటు చేత సంతకం పెట్టించేవాణ్ణి. ఆ రిజిస్టరు పీఎంపీ కనిపెట్టింది కాదు, సర్కారు పనుల్లో ఎప్పటినుంచో ఉంది. కానీ ‘ఆలస్యమైంది’ అనే ఏడుపుకీ, ‘ఈ ఆలస్యం వల్ల పూర్తి తేదీ ఇన్ని రోజులు జరిగింది’ అనే లెక్కకీ తేడా నాకు ఆ చదువులోనే తెలిసింది. గడువు పెంపు అడిగినప్పుడు జరిమానా లేకుండా ఇచ్చారు. అంతకుముందు మా కంపెనీ అలాంటి పెంపు కోసం కాళ్లరిగేలా తిరిగి, ఎంతో కొంత కోత పెట్టించుకునే వచ్చేది.

ఎర్న్‌డ్ వాల్యూ కూడా అలాంటిదే. అయిన పనికి డబ్బులో విలువ కట్టి, అనుకున్నదానితోనూ ఖర్చుతోనూ పోల్చే లెక్క అది. కాకపోతే దాన్ని నేను అంతగా నమ్మను. ఉదాహరణకు, ఈపాటికి 2 కోట్ల పని కావాలి, 1.6 కోట్ల విలువైన పని అయింది, ఖర్చు 1.9 కోట్లు. 1.6ని 2తో భాగిస్తే పనివేగం సూచిక 0.8, 1.9తో భాగిస్తే ఖర్చు సూచిక 0.84. ఇలాగే సాగితే 20 కోట్ల ప్రాజెక్టు 23.75 కోట్లకు తేలుతుంది. మొదటి ఏడాదిలోనే ఇది చూపిస్తే ఓనరు కళ్లు తెరుస్తాడు, అది మంచిదే. కానీ చివరికొచ్చేసరికి ఇదే లెక్క జోకొడుతుంది. డబ్బు ప్రకారం 97 శాతం పని అయినట్టు చూపిస్తుంది. మిగిలిన మూడు శాతంలో లిఫ్టు లైసెన్సు, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), ఓసీ (భవనం వాడుకోవచ్చనే ధ్రువపత్రం) ఉంటాయి. వాటి విలువ బిల్లులో నామమాత్రం, అవి లేకుండా తాళాలు ఇవ్వలేం. ఎంత ఆలస్యంగా ముగిసినా, మొత్తం పని అయ్యాక ఆ వేగం సూచిక 1కి చేరి కూర్చుంటుంది. ఇది లెక్కలోనే ఉన్న లోపమని తెలిసినవాళ్లు చెబుతారు. ఆఖరి మూడు శాతం ఎంతకాలం తింటుందో ఫైరు ఆఫీసు మెట్లెక్కినవాళ్లకు ఆ చెప్పేవాళ్లు అక్కర్లేదు.

కాగితం మీద మేనేజరుగా ఉన్నాయన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. రెండో అంతస్తు స్లాబు పోస్తుండగా మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోత. దారిలో మూడు ట్రాన్సిట్ మిక్సర్లు ఉన్నాయి. రెడీమిక్స్ కాంక్రీటు లోడ్ చేసిన రెండు గంటల్లోగా దింపేయాలి, ఆ రోజు ట్రాఫిక్ కదలడం లేదు. ఆయన గొడుగు కింద ఫోను పట్టుకుని “ఎవరెవరికి తెలియజేయాలి?” అని నన్ను అడుగుతున్నాడు. మేస్త్రీ నా మొహం చూశాడు.

“ఆడికి ఆపుదామా సార్?” అని దూలం వైపు చెయ్యి చూపించాడు.

“దూలం దగ్గర వద్దు, స్పాన్ మధ్యలో ఆపు. పలక అడ్డం పెట్టు” అన్నాను.

కాంక్రీటు ఆపి మళ్లీ మొదలుపెట్టే కీళ్లు పెట్టాల్సి వస్తే, రెండు ఆధారాల నడుమ కోత బలం తక్కువుండే మధ్య భాగంలో పెట్టాలని కోడ్ పుస్తకాల్లోనే ఉంది, నేను కనిపెట్టింది కాదు. కానీ వాన మధ్యలో, ముప్పై మంది అరుస్తుండగా, అది నోటికి రావాలంటే ముందు అలాంటి వానలు కొన్ని తడిసి ఉండాలి. వెనక్కి పంపిన రెండు బండ్ల డబ్బు ఎవరు భరించాలన్న గొడవను తర్వాత తేల్చింది మాత్రం ఆయనే. సప్లయర్‌తో ఒప్పందంలో వాతావరణం గురించిన క్లాజు ఆయన ముందే రాయించి పెట్టాడు. నాకా ఆలోచన వచ్చేది కాదు. ఆ వాన తర్వాతే ఇద్దరం స్నేహితులమయ్యాం.

ఇప్పుడు ఒక ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీలో ఉన్నాను. జీతం పెరిగింది. సర్టిఫికెట్ లేకపోతే నా రెజ్యూమె మొదటి వడపోతలోనే పోయేదని నన్ను తీసుకున్న హెచ్‌ఆర్ అమ్మాయే నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు ఇంటర్వ్యూలు నేనే చేస్తున్నాను. పీఎంపీ ఉన్నవాళ్లను పుస్తకం ప్రశ్నలు అడగను. అప్లికేషన్‌లో ఏ ప్రాజెక్టుల గురించి రాశారో చెప్పమంటాను. సొంతంగా రాసుకున్నవాళ్లు తేదీలు, గొడవలు, పేర్లతో సహా చెబుతారు. రాయించుకున్నవాళ్లు లక్ష్యాలు చెబుతారు.

నాలాంటి డిప్లొమా పిల్లలు ఫోన్ చేసి ‘అన్నా, ఇప్పుడే చేసేయమంటావా?’ అంటుంటారు. మూడు నాలుగేళ్ల సర్వీసు ఉన్నవాడికి అర్హతే రాదు, అదొక రకంగా మేలు. తొందరగా ఉంటే అనుభవం అడగని క్యాపీఎం అనే పీఎంఐ వాళ్ల కింది మెట్టు ఉంది, దానికి 23 గంటల శిక్షణ చాలు. కానీ మన టెండర్లలో దాన్ని అడగడం నేను చూడలేదు. ఆ డబ్బుతో ప్రిమవేరా నేర్చుకోమంటాను. ఈలోపు ప్రతి సైటుకూ ఒక నోటుబుక్ పెట్టి బడ్జెట్టు, మనుషులు, తేదీలు, ఎవరితో ఏం తేల్చుకున్నారో రాసుకోమంటాను. గల్ఫ్‌కి వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం 60 నెలలు నిండిన వెంటనే అప్లై చేయమంటాను. నేను చూసిన అక్కడి ప్రకటనల్లో చాలావాటిలో పీఎంపీ మాట ముందే ఉంటుంది, దాని గురించి వాదించడానికి మనల్ని లోపలికే రానివ్వరు.

పీఎంపీకి మూడేళ్లకోసారి 60 పీడీయూలు (నేర్చుకున్న, నేర్పిన గంటల లెక్క) చూపించి రెన్యూవల్ చేసుకోవాలి. వాటిలో కనీసం 35 ఏదైనా నేర్చుకుని సంపాదించాలి, మిగతా వాటికి మనం పాఠాలు చెప్పినా, ఆ రంగంలో పనిచేసినా లెక్కే. 2025లో ఒకసారి అయింది. అప్పటి ఫీజు సభ్యులకు 60 డాలర్లు, కానివాళ్లకు 150. వెబినార్లు వింటూ గంటలు పోగుచేయడం నాకు విసుగు, సగం వెబినార్లలో చెప్పేవాడికే నిద్ర వస్తున్నట్టుంటుంది. మళ్లీ 2028లో కట్టాలి. టెండరు పట్టికలో ఆ గడి ఉన్నంతవరకు కడతాను. ఈసారి బిల్లు కంపెనీదేనని అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోనే రాయించుకున్నాను.